కార్వాన్‌లో మా సొంత ఓడ

అప్పటికి మా ఇంట్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మాకు నీళ్లంటే మూసీ. అదీ పురానాపూల్ దాటేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూసే మూసీ. అలాంటిది ఆ ఏడాది కార్వాన్‌లోని మా బర్రెల కొట్టంలో తెల్లారకముందే ఓడలు తిరిగేవి. నూనె ఓడలు, అద్దె ఓడలు, సొంత ఓడలు. వాటిని ఇంట్లోకి తెచ్చింది నేనే. వాటిలో ఒకటి నిజంగానే గుమ్మం ముందుకొచ్చి సకిలిస్తే నోరు వెళ్లబెట్టిందీ నేనే.

మొదటి నుంచి చెప్తాను. నేను చెప్పకపోతే మా అమ్మ చెప్పినట్టు వినాల్సి వస్తుంది. అందులో మా బాపుకు బుర్ర లేదన్న సంగతి తప్ప ఇంకేమీ ఉండదు.

మా బాపుకు పదకొండు బర్రెలు. పాలల్లో సగం కార్వాన్ గల్లీల్లోనే పోసేవాడు. మిగతా సగం దబీర్‌పురా స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్‌కు పోయేది. ఆ హోటల్ సేఠ్‌కు మా బర్రెల పాలంటే ప్రాణం. చాయ్ రంగు చూసి ఎవరి పాలో చెప్పగలనని గొప్పలు పోయేవాడు. ఆయనది ఒక్కటే షరతు. పొద్దున మొదటి ప్యాసింజర్ బండి దిగినవాళ్లు వచ్చి బల్లల ముందు కూర్చునే లోపల మా పాలు ఆయన పొయ్యి మీద ఉండాలి.

గల్లీ పాలు ఇల్లు నడిపేవి, హోటల్ పాలు నన్ను చదివించేవి. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. నన్ను డిగ్రీలో చేర్చిన రోజే బాపు దాచకుండా చెప్పాడు. "సేఠ్ మన పాలు వద్దన్న దినం నువ్వు పుస్తకాలు మూట గట్టి కొట్టంలకు రావాలె బిడ్డా. గది నాకు ఖుషీ గాదు, గతి." నేను సరే అన్నాను. హోటల్ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

హోటల్ ఎక్కడికీ పోలేదు. పోయింది పెట్రోలు.

అరబ్బు దేశాల వైపు యుద్ధమొచ్చింది. అక్కడి నూనె రావడం లేదని ఒకరు, వస్తోంది కానీ ధర కొండెక్కిందని ఇంకొకరు అనేవారు. రేడియో రెండూ చెప్పేది. మా గల్లీకి అర్థమైన భాగం మాత్రం కిరోసిన్ షాపు ముందు కనబడేది. అక్కడ వరుసలో మనుషులు నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. డబ్బా లేనివాళ్లు ఇటుక పెట్టి ఇంటికి పోయి వంట చేసుకుని వచ్చేవారు. ఎంత లొల్లి జరిగినా, జుట్లు పట్టుకున్నా, ఇంకొకరి ఇటుకను జరిపినవాళ్లను నేను చూడలేదు. "ఇటుకకున్న ఇజ్జత్ మనిషికి లేకపాయె" అని అమ్మ గొణుగుతూనే మా ఇటుక మీద పసుపు బొట్టు పెట్టి మరీ పంపేది.

ఒక సాయంత్రం ట్రాలీ భాయ్ మా ఇంటికొచ్చాడు. ఆయనది పక్క గల్లీ. మూడు చక్రాల ట్రాలీ ఆటోలో ఎనిమిదేళ్లుగా మా పాల క్యాన్లను దబీర్‌పురాకు చేరవేస్తున్నది ఆయనే. బాపుకు ట్రాలీవాడంటే ఈయనొక్కడే. ఇద్దరూ ఒకే బీడీ చెరిసగం తాగే మనుషులు. ఆ రోజు మాత్రం ఆయన కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"భాయ్, బురా నక్కో మానో. పెట్రోల్ దొరుకుతలేదు. దొరికిన రెండు సీసాలకు పెండ్లి సామాన్ మోస్తే ఎక్కువిస్తుండ్రు. ఈ శాదీల సీజన్ పోనీ, మళ్ల వస్త."

"ఖైర్, నీ పిల్లలు గూడ తినాలె గదా" అన్నాడు బాపు. ఆయన పోయాక మాత్రం చాలాసేపు ఖాళీ క్యాన్లు కడుగుతూనే ఉన్నాడు. అవి అప్పటికే కడిగి ఉన్నాయి.

మర్నాటి నుంచి సైకిల్‌కు క్యాన్లు కట్టి, ఎక్కకుండా, తోసుకుంటూ దబీర్‌పురా పోయేవాడు. చేరేవాడు, కానీ మోకాలు వాచిపోయి వచ్చేవాడు. నాకు ఏడుపొచ్చేది. ఏడిస్తే చదువు మానేస్తానని అనాల్సి వస్తుందేమోనన్న భయంతో ఏడ్చేదాన్ని కాదు. నేను అంత మంచిదాన్ని కానని అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. దేశానికి కావలసిన చమురును మన సొంత ఓడల్లోనే తెచ్చుకోవాలా, విదేశీ ఓడలను అద్దెకు తీసుకుంటే చాలదా? ఇదీ విషయం. చీటీలు తీస్తే నాకు అద్దె ఓడల పక్షం వచ్చింది. ఓడ ఎలా ఉంటుందో తెలియకపోయినా ఫికర్ చేయలేదు. ఎదుటివాడు అవునంటే కాదనడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. అందుకే మా ఎకనామిక్స్ మేడం పోటీకి నన్ను ఎంచుకుంది.

మేడంకు ఒక పద్ధతి ఉండేది. "ముందు సగం ఎదుటి పక్షం వాదన నువ్వే చెప్పు. వాళ్లకంటే బాగా చెప్పు. వినేవాళ్లు తలలూపుతుండగా, రెండో సగంలో 'అయితే' అని మొదలుపెట్టి ఒక్కో ఇటుకా పీకెయ్" అనేది. నాకు ఆ పద్ధతి మస్తు నచ్చింది. రీడింగ్ రూములో పాత పేపర్లు తిరగేసి ఉపన్యాసం రాసుకున్నాను. ముందు సగం సొంత ఓడలకు, వెనుక సగం అద్దె ఓడలకు.

బట్టీ పట్టడానికి వెలుతురు కావాలి కదా. మా ఇంటికి ఇంకా కరెంటు లేదు. కిరోసిన్ కరువులో అమ్మ ఒక్క లాంతరుకే అనుమతి ఇచ్చింది, అది పాలు పిండేచోట వెలగాలి. కాబట్టి నేను తెల్లవారుజామునే లేచి కొట్టంలో బాపు పక్కన పీట వేసుకుని, కాగితాలు లాంతరుకు ఆనించి, బర్రెలనుద్దేశించి ఉపన్యసించేదాన్ని. దున్నపోతు మీద వాన అంటారు కానీ, మా బర్రెలు నయం. అప్పుడప్పుడూ చెవులాడించేవి.

"నూనె అరబ్బుల భూమిలో ఉంది. శుద్ధి చేసే కర్మాగారం మన ఒడ్డున ఉంది. నడుమ సముద్రం, సముద్రం మీద ఎవరివో ఓడలు! అడ్డదారి కాలువ మూతబడి ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సి వస్తే ఓడల కరువు. యుద్ధమొస్తే అద్దె ఓడవాడు ఎక్కువిచ్చేవాడి దగ్గరికి పోతాడు, లేదా ప్రమాదమని రానే రాడు. నూనె కొన్నాక కూడా దేశం ఒకరి గుమ్మం ముందు చెయ్యి చాపి నిలబడాలి! ఓడ మనదైతే ఆజ్ఞ మనది!"

ఇక్కడికి వచ్చేసరికి చివరి బర్రె పాలు అయిపోయేవి. బాపు లేచి, క్యాన్ల మూతలు బిగించి, లాంతరు తీసుకుని వెళ్లిపోయేవాడు. సందు నిండా గుంతలే, లాంతరు లేకుండా క్యాన్లతో నడవడం కుదరదు. నేను చీకట్లో మిగిలేదాన్ని. రెండో సగం నాకు నోటికి వచ్చు కాబట్టి చీకట్లోనే బర్రెలకు చెప్పేదాన్ని. "అయితే, ఓడ కొనాలంటే విదేశీ మారకద్రవ్యం కావాలి. కట్టాలంటే ఏళ్లు కావాలి. నడపడానికి శిక్షణ పొందిన నావికులు కావాలి, ఆగడానికి లోతైన రేవు కావాలి. వ్యాపారం మందగిస్తే ఊరికే నిలబెట్టి మేపాలి. ధర తక్కువున్నప్పుడే దీర్ఘకాలం అద్దెకు మాట్లాడుకునేవాడు తెలివైనవాడు." ఈ మాటలు విన్నది పదకొండు బర్రెలు మాత్రమే.

బాపు వింటున్నాడని నాకు తట్టనే లేదు. పాల ధార చప్పుడులో ఏం వినబడుతుంది అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు గుంపు. గుంపు నడుమ ఒక తెల్ల ఆడగుర్రం, దాని వెనుక పాత టాంగా. గుర్రం కాళ్లకు గజ్జెలు, గిట్టల మీద చెదిరిన గోరింటాకు రంగు. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. బాపు మెడలో తువ్వాలు సర్దుకుంటూ నవ్వుతున్నాడు. మోకాలు వాచినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"బిడ్డా, తెచ్చిన" అన్నాడు నన్ను చూసి.

"ఏంది బాపు?"

"సొంత ఓడ! నువ్వు రోజు చెప్తివి గదా. ఓడ మనదైతే ఆజ్ఞ మనది అని. రేడియోలో పెద్ద పెద్దోళ్లు గూడ గంత సాఫుగ చెప్పలే. పెట్రోల్ లేదు, భాయ్ లేడు. గడ్డి మన కొట్టంల ఉన్నది. ఇగ మనం ఎవ్వని గుమ్మం ముంగట నిలబడం."

బ్యాండు మేళం నడిపే ఒకాయనకు మా పడ్డ దూడనిచ్చి, బదులుగా గుర్రాన్నీ టాంగానూ తెచ్చాడట. అమ్మ కోపం ఆ పడ్డ గురించే. "ఏడాదైతే ఈనే పడ్డనిచ్చి పెండ్లి గుర్రాన్ని తెస్తడా మనిషన్నోడు? గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటరు. దీనికి దాణా ఎవలు పెడ్తరు, నువ్వా, నీ బిడ్డ ఉపన్యాసమా?"

బాపూ, అది నా వాదన కాదు, ఎదుటివాళ్లది, నాది రెండో సగం అని చెప్పడానికి నోరు తెరిచాను. బాపు గుర్రం మెడ నిమురుతున్నాడు. అది ఆయన భుజం మీద గడ్డం ఆనించింది. నేను నోరు మూసుకున్నాను. చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

మొదటి రోజు గుర్రం పురానాపూల్ దాకా బుద్ధిగా నడిచింది. వంతెన దిగగానే ఒక గల్లీలో రాత్రి పెండ్లి జరిగిన ఇంటి ముందు ఇంకా విప్పని షామియానా కనబడింది. గుర్రం నేరుగా పోయి దాని ముందు నిలబడిపోయింది. బాపు అదిలించాడు, బతిమాలాడు, బెల్లం పెట్టాడు. అది బెల్లం తిని మళ్లీ అలాగే నిలబడింది. షామియానావాళ్లు వచ్చి గుడ్డ విప్పి కర్రలు పీకేదాకా కదల్లేదు. దబీర్‌పురా చేరేసరికి ప్యాసింజర్ బండి వచ్చి పోయింది. "ఏక్ దఫా మాఫ్" అన్నాడు సేఠ్.

రెండో రోజు ఇంకో గల్లీ గుండా పోయాడు. అక్కడ ఇంకో షామియానా. "దో దఫా మాఫ్. తీస్రీ దఫా నై, మియా. మళ్ల ఆలస్యమైతే నేను సర్కారు సీసా పాలు మాట్లాడుకుంట" అన్నాడు సేఠ్, కోపంగా కాదు, బాధగానే. పెండ్లిళ్ల కాలం, పాతబస్తీలో షామియానా లేని తోవ ఎక్కడుంది?

ఆ రాత్రి నేను నా పుస్తకాలు లెక్కపెట్టుకున్నాను. సీసా పాలంటే నా పుస్తకాల మూటే. తప్పెవరిదని అమ్మ అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబుంది. నా ఉపన్యాసం రెండో సగం మొత్తం ఆ గుర్రంలోనే ఉంది. ఓడ ఉంటే చాలదు, అది మనం చెప్పిన రేవుకు పోవాలి, నడిపించే విద్య తెలియాలి, ఊరికే నిలబడినా మేపాలి. అన్నీ నేను చీకట్లో బర్రెలకు చెప్పినవే. ఒక్కసారి వెలుతుర్లో చెప్పి ఉంటే మా పడ్డ మా కొట్టంలోనే ఉండేది.

మూడో రోజే పోటీ రోజు. మా కాలేజీ ఆ హోటల్ దాటి రెండు గల్లీల అవతల ఉంటుంది కాబట్టి నేనూ టాంగాలోనే బయలుదేరాను. అమ్మ నాకు గంజిపెట్టి ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టింది. వాకిట్లో గుర్రానికి దండం పెట్టింది కూడా. "తల్లీ, ఇయ్యాల ఒక్కరోజు నువ్వు గుర్రానివని యాదుంచుకో" అంది.

గుర్రానికి ఏం యాదుందో హుస్సేనీ ఆలంలో తెలిసింది. ఆకాశం ఇంకా తెల్లబడుతోంది. తోవకు అడ్డంగా రంగురంగుల షామియానా, కింద బోర్లించిన వంట దేగిసాలు, మడిచిన కుర్చీలు, వాటి పక్కన ట్రాలీ ఆటో. ఆటోలో కాళ్లు బయటికి చాపుకుని పడుకున్న మనిషి మా ట్రాలీ భాయ్. మా గుర్రం మామూలుగా పోయి షామియానా గుమ్మం ముందు నిలబడి గజ్జెలు రెండుసార్లు ఘల్లుమనిపించింది. భాయ్ లేచి కూర్చున్నాడు.

"క్యా భాయ్, నువ్వా! నా బండ్ల చుక్క పెట్రోల్ లేదు, రాత్రికెళ్లి గీడనే పడున్న. నీ సవారి చక్కగున్నది గదా!"

"కదలదు" అన్నాడు బాపు. "ఇయ్యాల గూడ కదలకుంటే సేఠ్ పాలు బందు. బిడ్డ చదువు బందు."

భాయ్ దిగొచ్చి గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి, దాని గిట్టలు చూసి, పకపకా నవ్వాడు. "అరె భాయ్, నువ్వు దీన్ని పాల గుర్రమనుకుంటున్నవ్. ఇది మాత్రం శాదీ గుర్రమనే అనుకుంటుంది. ఎన్ని శాదీలల్ల చూసిన నేను! షామియానా ముంగట నిలబడ్డంక దుల్హా దిగకుంటే ఇది కదలదు. దిగే దుల్హా లేడాయె, గరీబుది ఏం జేస్తది?"

"ఇప్పుడు పెండ్లికొడుకును ఏడికెళ్లి తేవాలె?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాపు మోకాలు వంగదు. భాయ్ ఎక్కితే గుర్రం నడుం వంగుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు.

మా బాపు నన్ను సైకిల్ తొక్కనివ్వలేదు. కార్వాన్‌లో నలుగురూ నాలుగు మాటలంటారని. ఆ బాపే రెండు అరచేతులూ కలిపి, గుర్రం పక్కన వంగి, "ఎక్కు బిడ్డా" అన్నాడు. నేను గంజి చీరతో ఆయన చేతుల మీద కాలుపెట్టి గుర్రమెక్కి ఒక పక్కకు కూర్చున్నాను. భాయ్ షామియానా కర్రకు వేలాడుతున్న సెహ్రా తెచ్చి నా తలకు కట్టాడు. పెండ్లికొడుకు ముఖం మీద జారే పూలదండల తెర అది. రాత్రి మల్లెలు వాడి గోధుమరంగుకు తిరిగాయి. వాటి సందుల్లోంచి బాపు కనబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియక మీసం కొరుకుతున్నాడు.

"ఇగ దిగు, ఆహిస్తా, నవాబులెక్క" అన్నాడు భాయ్. నేను నవాబులాగా దిగడానికి ప్రయత్నించి బాపు మీద పడ్డాను. భాయ్ గుర్రం నోటికి గుప్పెడు చక్కెర అందించాడు. అది తల ఆడించింది, తన పని అయిపోయిందన్నట్టు ఒక నిట్టూర్పు విడిచింది, షామియానా పక్కనుంచి జాగ్రత్తగా తప్పుకుని నడక మొదలుపెట్టింది. భాయ్ తన ట్రాలీని అక్కడే వదిలేసి టాంగాలో మా పక్కన ఎక్కాడు.

దబీర్‌పురా చేరేలోపు నాకు మూడు పెండ్లిళ్లయ్యాయి. చార్మినార్ వెనుక గల్లీలో ఒక ముసలమ్మ షామియానా కింద పడుకున్నది కాస్తా లేచి, గుర్రం మీది నన్ను కింది నుంచి పై దాకా చూసి, "అల్లా, దుల్హా కిత్తా నాజుక్ హై!" అని నా తల చుట్టూ చేతులు తిప్పి తన కణతల మీద మెటికలు విరిచింది. మీర్ ఆలం మండి దగ్గర కూరగాయల బండ్లవాళ్లు పనులు మానేసి చప్పట్లు కొట్టారు. సిగ్గు మొదటి పెండ్లితోనే పోయింది. మూడోసారి చెయ్యి ఊపుతూ దిగాను.

హోటల్ సందులోకి తిరిగేసరికి స్టేషన్‌లో బండి కూత వినబడింది. సేఠ్ గడియారం కింద నిలబడి ఉన్నాడు. బాపూ భాయ్ చెరో పక్క పట్టుకుని క్యాన్లు వంటింట్లోకి ఉరికించారు. బండి దిగిన మొదటి మనిషి వచ్చి బల్ల ముందు కూర్చునేసరికి పాలు పొయ్యి మీద ఉన్నాయి. అవి కాగి పొంగేదాకా నేను పొయ్యి పక్కనే నిలబడి చూశాను. నా డిగ్రీ పొంగినట్టే ఉంది నాకు.

"ఏ క్యా హై అమ్మా?" అన్నాడు సేఠ్ నా తల వైపు చూపించి. సెహ్రా తీయడం మరిచిపోయాను. సంగతి విని ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, గుర్రానికి తన చేత్తో బిస్కెట్లు పెట్టాడు. సీసా పాల మాట మళ్లీ ఎత్తలేదు.

అక్కడి నుంచి కాలేజీకి పోతుంటే బాపు కూడా వెంటవచ్చాడు. "నేను గూడ ఇనొచ్చునా?" అని గేటు దగ్గర ఎంతో మెల్లగా అడిగాడు. ఆయన నా కాలేజీ లోపలికి రావడం అదే మొదటిసారి. చివరి బెంచీ మీద, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, పాలవాసనతో, చాలా నిటారుగా కూర్చున్నాడు. ఆయన ముందు వరుస అమ్మాయిలు వెనక్కి తిరిగి చూసి గుసగుసలాడారు. వాళ్ల మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

నా పేరు పిలిచారు. చీర మీద గుర్రం వెంట్రుకలతో వేదిక ఎక్కాను. మొదటి సగం ఎప్పుడూ చెప్పనంత బాగా చెప్పాను. ఎందుకు చెప్పను? ఆ పొద్దే చూసి వచ్చాను. అద్దె ఓడ పెట్రోలు లేక హుస్సేనీ ఆలంలో కాళ్లు చాపుకుని పడుకుంది. సొంత ఓడ మూడు పెండ్లిళ్లు చేసుకుని మరీ రేవు చేరింది. అలాగని ఆ ఓడను నడిపే విద్య చెప్పింది అద్దె ఓడవాడే. నిజం రెండు సగాల్లోనూ ఉందని నాకు తెలుసు.

"ఓడ మనదైతే ఆజ్ఞ మనది!" అన్నాను. చివరి బెంచీ మీద బాపు పెదవులు నాతోపాటే కదిలాయి. ఆయనకు ఒక్కో మాటా నోటికొచ్చు. తలాడిస్తున్నాడు. పక్కన కూర్చున్న ఎవరికో నన్ను చూపిస్తున్నాడు.

ఇక నేను "అయితే" అనాలి. ముందు వరుసలో మేడం నా వైపు చూసి కనుబొమలెత్తింది. ఆ మాటతో మొదలుపెడితే, ఓడ కొన్నవాడు ఎంత తెలివితక్కువవాడో వరుసగా చెప్పాలి. ఆయన పడ్డనిచ్చింది, మోకాలు వాచింది, నా కాళ్ల కింద చేతులు పట్టింది, అన్నీ తెలివితక్కువ పనులని అంతమంది ముందు నిరూపించాలి. మస్తు బాగా నిరూపించగలను. అదే నా భయం.

"ఇంతటితో ముగిస్తున్నాను" అని దిగి వచ్చేశాను.

అమ్మాయి బాగా మాట్లాడింది గానీ తనది ఏ పక్షమో మరిచిపోయిందని న్యాయనిర్ణేత నవ్వుతూ ప్రకటించాడు. పక్షం తప్పినందుకు నన్ను లెక్కలోంచి తీసేశారు. మేడం నాతో వారం రోజులు మాట్లాడలేదు. చప్పట్లు మాత్రం చివరి బెంచీ నుంచి అందరికంటే ఆలస్యంగా ఆగాయి.

ఇంటికి తిరిగి వస్తుంటే పగటి వెలుతుర్లో షామియానాలన్నీ విప్పేసి ఉన్నాయి. గుర్రం నిమ్మళంగా నడుస్తోంది. పురానాపూల్ మీదికి వచ్చాక బాపు పగ్గాలు వదులు చేసి అడిగాడు.

"గెలిచినవా?"

"లేదు బాపు."

"మరి గంత మంచిగ చెప్తివి గదా. నేను రోజు ఇన్నదే." కొంతసేపు గుర్రం చెవుల నడుమ నుంచి తోవ చూశాడు. "నేను లాంతరు పట్టుకపోయినంక ఇంకేమన్న చెప్తుంటివా బిడ్డా?"

నేను మూసీ వైపు చూశాను.

"లేదు బాపు. చీకట్ల ఇంకేం చదువుత?"

"గదే అనుకున్న" అన్నాడు. ఏమనుకున్నాడో నేను అడగలేదు. వంతెన దిగాక అన్నాడు, "రేపటిసంది లాంతరు నీకే ఇడిచిపెట్టి పోత. గుర్రానికి తోవ ఎరుకైంది."

డిగ్రీ అయ్యేదాకా ఆ లాంతరు నా దగ్గరే ఉంది.